కొండచిలువకి పక్క వేశాం

పాము మా ఇంటికి వచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు. భయంతో అనుకునేరు, కాదు, సంబరంతో. సౌదీలోని అల్ ఖోబర్‌లో మా ఫ్లాటు మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టులో పాము ఉన్న గుడ్డసంచీ నా చేతుల్లో, ఖాళీ గాజుపెట్టె మా ఆయన చేతుల్లో. సంచీ మెల్లగా కదులుతోంది. కదిలినప్పుడల్లా నా గుండె గంతులేస్తోంది. ఆయన మాత్రం ఆ పెట్టెని మా ఇద్దరికీ మధ్య అడ్డం పెట్టుకుని, గోడకి అతుక్కుపోయి, మూడు అంకె ఎప్పుడు వెలుగుతుందా అని పైకి చూస్తున్నారు.

"ముడి గట్టిగానే ఉందా?" అన్నారు.

"ఉందండీ."

"ఇంకోసారి చూడు."

అది బాల్ పైథాన్. కొండచిలువల్లో పొట్టిది, మెతకది. విషం లేదు. భయం వేస్తే మీదకి రాదు, ఉండచుట్టుకుని తల లోపల దాచేసుకుంటుంది. ముదురు గోధుమ రంగు ఒళ్ళు, దాని మీద బెల్లం పాకం ఒలికినట్టు మచ్చలు. మా క్లినిక్కులో పళ్ళ డాక్టరుగా చేసే వరంగల్ అమ్మాయి పెంచుకున్నది. నేను అక్కడే ల్యాబులో పనిచేస్తాను. ఆ అమ్మాయి ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఇండియా వెళ్ళిపోతోంది. మంచం, ఫ్రిజ్జు, కారు అన్నీ ఎవరో ఒకరు తీసుకున్నారు. పాముని మాత్రం ఎవరూ అడగలేదు. నేనడిగాను.

ఎందుకడిగానంటే, నాది కోనసీమ. మా వైపు చేనుగట్టు మీద పాము కనిపిస్తే ఒకళ్ళు కర్ర తెస్తారు, ఇంకొకళ్ళు దణ్ణం పెడతారు. నాకు ఆ రెండూ కాదు, ఇంకాసేపు చూడాలని ఉండేది. చూద్దామనుకునే లోపే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయేవాళ్ళు. నలభై దాటాక, సముద్రం అవతల, నా ఇంట్లో నా పాముని నా ఇష్టం వచ్చినంతసేపు చూసుకోవచ్చు. ఆ మాట తలుచుకుంటే ల్యాబులో కూడా నాలో నేనే నవ్వుకునేదాన్ని.

కానీ ఆ అమ్మాయి ఊరికే ఇవ్వలేదు.

"అక్కా, దీనికి తిండి పెద్ద లెక్క కాదు, పండుకునే జాగనే లెక్క," అంది. "కింద ఏం పరుస్తవో దాని మీదనే ఉంటది దాని పానం. కుబుసం ఒక్క తీరుగ, తలకాయ నుంచి తోక దాక నిండుగ ఊడాలె. తునకలు తునకలు ఊడిందంటే నువ్వు పరిచింది దానికి పడ్తలేదన్నట్టు. రియాద్‌ల ఒక సౌదీ సార్ ఉన్నడు, బడిల పాఠాలు చెప్తడు, ఇంటి నిండ పాములే. నీ దగ్గర కుబుసం మంచిగ వస్తే నీకే. రాకుంటే ఆయన తీస్కపోతడు. తప్పుగ అనుకోకు."

తప్పుగానే అనుకున్నాను. పెళ్ళిచూపుల్లో పాట పాడించినట్టు పాముకి పరీక్ష పెట్టి ఇస్తుందా అని ఒళ్ళు మండింది. అయినా పాము కావాలి కాబట్టి నోరు మూసుకుని తలూపాను.

రెండో షరతు ఇంట్లోనే ఉంది. మా ఆయనకి దుమ్ము పడదు. రాస్ తనూరా రిఫైనరీలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు. గాలిదుమారం లేచిన రోజు ఆయన ఇంటికి ముందు తుమ్ములే వస్తాయి, వెనకాల ఆయన వస్తారు. "నాకు పాముతో పేచీ లేదు. నా ముక్కు ఒప్పుకుంటే ఉంచుకో," అన్నారు. పాముతో పేచీ లేదన్న మనిషి పాము ఉన్న గదిలోకి అడుగు పెట్టడానికి చెప్పులు వేసుకునేవారు.

అలా మా అమ్మాయి చదువుకని ఇండియా వెళ్ళాక ఖాళీ అయిన గదిలో గాజుపెట్టె పెట్టాం. ఇక కింద ఏం పరవాలి?

ఈ ప్రశ్న బయటపడిందే తడవు, తెలిసినవాళ్ళందరిదీ ఒకటే మాట. ఇసుక. "ఎడారిలో కాపరం చేస్తూ పాముకి పక్క వెతుక్కుంటారేంటండీ!" అని నవ్వేవాళ్ళు. మా ఆయన ఆఫీసులో ఒకాయన హాఫ్ మూన్ బీచ్ నుంచి గోనెసంచీడు ఇసుక కారు డిక్కీలో వేసుకొచ్చి మా గుమ్మంలో దింపి వెళ్ళాడు కూడా. అయ్యా, ఈ పాము పుట్టిల్లు ఎడారి కాదు, ఆఫ్రికాలో గడ్డి నేలలు, పగలంతా చల్లటి బొరియల్లో పడుకునే జాతి, ఇసుక పోస్తే ఒళ్ళు ఎండిపోతుంది, మేతతోపాటు నోట్లోకి పోతుంది అని నేను అందరికీ వివరించీ వివరించీ గొంతు పోగొట్టుకున్నాను. వినేవాళ్ళు వింటూనే "అయినా ఇసుకే మంచిదండీ," అనేవాళ్ళు. అప్పుడు నాకు వచ్చే కోపం చెప్పలేను.

పాముతో పాటు ఆ అమ్మాయి ఆస్పెన్ చెక్క పొట్టు బస్తా ఒకటి ఇచ్చింది. పెన్సిలు చెక్కితే వచ్చే తొక్కల్లా తెల్లగా, తేలిగ్గా, ముట్టుకుంటే ముద్దొచ్చేలా ఉంది. ఎంతో మురిపెంగా బస్తా మూతి విప్పి పెట్టెలోకి వంచాను. సన్నటి పొడి గాల్లోకి లేచింది. హాల్లోంచి మొదటి తుమ్ము వినిపించింది. తరవాత రెండోది. తరవాత ఆగలేదు. ఆయన కళ్ళు ఎర్రబడి, ముక్కు వాచి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయారు. తుమ్మే తప్ప మాట రాలేదు. మాట రాకపోయినా అర్థమైంది. బస్తా మూతి కట్టేశాను.

తరవాత కాగితం పరిచాను, అచ్చు లేని గోధుమ రంగు కాగితం. ఆయనకి ఎంతో నచ్చేసింది. దుమ్ము లేదు, వాసన లేదు, మురికైతే తీసి పారేసి కొత్తది వేయడమే. "ఇదీ పద్ధతి!" అని మెచ్చుకున్నారు. పాము మాత్రం దాని మీద, మా క్లినిక్కులో బల్ల మీద పడుకున్న పేషెంటులా, ఎప్పుడు వదులుతారా అన్నట్టు పడుకునేది. ముక్కుతో కాగితం కింద తవ్వబోయేది, కుదరక ఆగిపోయేది. మా ఇంట్లో ఏసీ ఆగదు. గాలిలో తేమ అంతా అదే తాగేస్తుంది. ఆ కాగితం మీద వచ్చిన మొదటి కుబుసం ఎండిన ఉల్లిపొరలా చిట్లి, తునకలు తునకలుగా ఊడింది. ఒక కంటి మీద పొర అలాగే ఉండిపోయింది.

తడిగుడ్డలో చుట్టి, గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి, మిగిలిన తునకలు, ఆ కంటి పొర నెమ్మదిగా ఊడదీశాను. ఇండియా వెళ్ళిపోయిన అమ్మాయికి ఫొటోలు పంపితే వెంటనే ఫోను చేసింది. "అక్కా, ఈపాలికి పోనీ. ఇంకోపాలి గిట్లనే అయితే కన్నుకే మోసం వస్తది. సౌదీ సార్ వాళ్ళింట్ల పెండ్లికని వచ్చే నెల మీ పక్కకే దమ్మాం వస్తున్నడు. శుక్రారం నమాజయినంక మీ ఇంటికొచ్చి చూస్తడు. అప్పటికి మళ్ల కుబుసం దినాలే అయితయి. ఇప్పుడన్న పక్క మంచిగ పరువు."

అంటే, ఆ శుక్రవారానికి ఒక్క కుబుసం నిండుగా వస్తే పాము నాది, లేదంటే లేదు.

ఆ సాయంత్రం బాల్కనీలో కరివేపాకు కుండీకి నీళ్ళు పోయబోతూ వేలు గుచ్చి చూశాను. పైన పొడిగా ఉంది. వేలు లోపలికి దిగేసరికి చల్లగా, తడిగా ఉంది. కుండీలో ఉన్నది మట్టి కాదు, కొబ్బరిపొట్టు! నర్సరీవాళ్ళు ఇటుకల్లా అచ్చుపోసి అమ్మే కోకోపీటు. పైన పొడి, లోపల తేమ, తడిగా ఉంటే దుమ్ము లేవదు. పాముకీ పనికొస్తుంది, మొగుడికీ పనికొస్తుంది! "ఏవండీ!" అని నేను పెట్టిన కేకకి ఆయన చేతిలో టీ ఒలికింది.

మా కోనసీమలో కొబ్బరిపొట్టు అంటే చెత్త. పీచు మిల్లుల పక్కన గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. దాన్ని సౌదీలో, అట్టపెట్టెలో, 'మేడ్ ఇన్ ఇండియా' అని చూసి కొనుక్కుంటూ, ఆ నర్సరీలో ఒక్కదాన్నీ పగలబడి నవ్వాను. కొట్టతను ఎరువు కలిపిన రకం మంచిదని బలవంతం చేశాడు. మొక్కకి మంచిదే, పాముకి కాదు. ఏమీ కలపని రకం దొరికేదాకా కొట్టంతా తిప్పించాను. పాము కోసం అంటే భయపడతాడేమోనని 'పెంపుడు జంతువుకి' అన్నాను. "పిల్లికా?" అన్నాడు. "దాదాపు," అన్నాను.

స్నానాలగదిలో టబ్బు పెట్టి ఇటుక నానేశాను. గంట గడిచేసరికి పొంగి టబ్బు అంచు దాకా వచ్చింది. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది, కడుక్కోవాలి. పాత చీరలో వేసి ఒక కొస నేను, ఒక కొస ఆయన పట్టుకుని పిండాం. ఆయన మొహానికి మాస్కు, చేతులకి ఆఫీసు గ్లవుజులు. తేమ ఎంత ఉండాలన్న దగ్గర వాదన మొదలైంది. ఆయన తేమ కొలిచే మీటరు కొనుక్కొచ్చి అందులో గుచ్చి అంకెలు చదువుతున్నారు. నేను గుప్పెడు తీసి నొక్కాను. అరిసెలకి తడిపిండి చూసినట్టే. నొక్కితే ముద్ద అవ్వాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు.

"మీటరు కూడా అదే చెబుతోంది," అన్నారాయన, కొంచెం చిన్నబుచ్చుకుని.

జానెడు మందం పరిచి పాముని వదిలాను. నాలుక ఆడిస్తూ కాసేపు పైపైన పాకింది. ఒక మూల ఆగింది. ముక్కుతో పొట్టుని పక్కకి నెట్టింది. ఇంకొంచెం నెట్టింది. తల లోపలికి వెళ్ళింది, మెడ వెళ్ళింది, ఒళ్ళంతా వంపు తరవాత వంపుగా కిందకి జారిపోయి, చివరికి తోక కొస మిగిలి, అది కూడా మాయమైంది. నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను, చిన్నపిల్లలా. పక్కకి తిరిగి చూస్తే మా ఆయన మాస్కు గడ్డం కిందకి లాగేసుకుని, గాజుకి ముక్కు ఆనించి చూస్తున్నారు. తుమ్ము లేదు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

అప్పట్నుంచి ఇంట్లో పండగే. పొద్దున్న లేచి ఆయన ముందు మీటరు చూసేవారు, తరవాతే ఫోను. రాస్ తనూరా నుంచి మధ్యాహ్నం మెసేజి పెట్టేవారు, 'పొట్టు పైన తడిపావా?' అని. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో 'తిన్నావా' అని కూడా అంత శ్రద్ధగా అడగలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆయన లేచి మీటరు చూడటానికి వెళ్ళారు.

శుక్రవారం దగ్గర పడింది. పాము కళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. ఒంటి మీద మచ్చలు మాసిపోయాయి. కుబుసానికి సిద్ధమవుతోందన్నమాట. నాకు ల్యాబులో మనసు నిలబడలేదు. సోమవారం సాయంత్రం పరుగున ఇంటికొచ్చి తలుపు తీసేసరికి సాంబ్రాణి వాసన గుప్పుమంది. పూజ కాబోలు అనుకున్నాను. వాసన పాము గదిలోంచి వస్తోంది.

ఇక్కడ బొగ్గులు, నిప్పులు కుదరవని, అరబ్బులు బుఖూర్ ధూపం వేసుకునే కరెంటు ధూపపాత్ర, మబ్ఖరాలోనే మేం సాంబ్రాణి వేసుకుంటాం. మా అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు తలస్నానం చేయించి, జుట్టుకీ, పొత్తిగుడ్డలకీ ఆ పొగే పట్టేవాళ్ళం. ఆ మబ్ఖరా ఇప్పుడు గాజుపెట్టె జాలీ మూత మీద పొగలు కక్కుతోంది. పెట్టె లోపల తెల్లటి పొగ. అందులో నా పాము తల నిటారుగా పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, గాజు మూలకి ఒరిగి నిలబడి ఉంది. పక్కన మా ఆయన, విసనకర్రతో పొగని లోపలికి విసురుతున్నారు.

పొగ పాములకి పడదు. వాటి ఊపిరితిత్తి మన వాటిలాంటిది కాదు, లోపలికి పోయింది తొందరగా బయటికి రాదు. నేనేం అరిచానో నాకు గుర్తు లేదు. మూత తీసి, పాముని ఎత్తుకుని హాల్లోకి పరిగెత్తాను. వెనకాల ఆయన గొంతు ఒక్కటే వినిపిస్తోంది. "తడిపక్క కదా, నెమ్ము చేస్తుందేమోనని... చంటిపిల్లకి పట్టినట్టే పట్టానే, చాలా కొంచెమే పట్టాను..."

'చంటిపిల్లకి' అన్న మాట విన్నాక తిట్టడం మానేసి, పాముని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

వరంగల్ అమ్మాయికి ఫోను చేశాను. "పొగవెట్టిండా? సార్ పొగవెట్టిండా!" అని కాసేపు అదే మాట అంది. తరవాత తేరుకుని చెప్పింది. "ఆ పొట్టంత పారెయ్యి. పెట్టె కడుగు. నోట్ల బుడగలు వస్తున్నయా సూడు. వస్తే డాక్టర్ దగ్గరికి ఉరుకు." బుడగలు లేవు. మా ఆయన పెట్టె స్నానాలగదికి మోసుకెళ్ళి కడిగారు, తుడిచారు, మిగిలిన ఇటుక నానేసి పిండి కొత్త పక్క వేశారు. మాస్కు వేసుకోవడం మర్చిపోయారు. పాము తల దించి, నోరు మూసుకుని, పొట్టులోకి దూరేదాకా ఆయన ఆ గదిలోంచి కదల్లేదు.

"శుక్రవారం ఆ సౌదీ మాస్టారు వస్తే ఇచ్చేద్దాం," అన్నారు తరవాత. "వాళ్ళకి తెలిసిన పని. మనకి ప్రేమ ఉంది కానీ తెలివి లేదు. దానికేమైనా అయితే నావల్లే అవుతుంది." నేను కాదనలేకపోయాను. అలా బెదిరిపోయిన పాముకి కుబుసం సరిగ్గా రాదని చదివాను. ఆయనకి ఆ మాట చెప్పలేదు. బాధగా ఉంది, కోపంగా ఉంది, కోపం ఎవరి మీదో తెలియడం లేదు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక సౌదీ మాస్టారు వచ్చారు. ముప్పై దాటి ఉండవు, కాళ్ళ దాకా తెల్లటి తోబు అంగీ, చేతిలో చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పెట్టె. పాముని చూశారు, పొట్టులో చెయ్యి పెట్టి నొక్కి చూశారు, "మాషా అల్లా, పక్క బాగా వేశారు," అన్నారు ఇంగ్లీషులో. తరవాత దాని కళ్ళు చూశారు. తెలుపు పోయి తేటపడ్డాయి. "ఇవాళో రేపో కుబుసం విడుస్తుంది. కానీ నాకు ఆగడానికి లేదు, వెంటనే రియాద్ బయల్దేరాలి. పోయినసారి తునకలైందన్నారు కదా. తీసుకెళ్ళడమే మంచిది."

నేను మా ఆయన వంక చూశాను. ఇచ్చేద్దామన్నది ఆయనే. ఆయన గొంతు సవరించుకున్నారు.

"భోజనం చేసి వెళ్ళండి," అన్నారు.

మాస్టారు వద్దన్నారు. మా ఆయన వినలేదు. కోనసీమవాళ్ళు భోజనానికి కూర్చోబెట్టాలనుకుంటే సౌదీ మర్యాద కూడా దాని ముందు నిలవదు. మొదట ముద్దపప్పు, అందులో నెయ్యి, ఆ తరవాత కోడికూర, ఆ తరవాత రొయ్యల వేపుడు. "ఇది రుచి చూడాల్సిందే, మా ఆవిడ చేసింది," అంటూ ఆయనే వడ్డిస్తున్నారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ గరిటె పట్టని మనిషి! ఆవకాయ గురించి ఒక కథ, పెరుగు గురించి ఇంకో కథ. మధ్య మధ్యలో "ఒక్క నిమిషం" అని లేచి గదిలోకి తొంగి చూసి వస్తున్నారు. నాకు అప్పుడు అర్థమైంది, ఈయన ఆలస్యం చేస్తున్నారు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వంటింట్లోకి వెళ్ళి, రేపటికని దాచిన సేమ్యా పాయసం కూడా తెచ్చి పెట్టాను.

పాయసం సగంలో ఉండగా పాము గదిలోంచి మా ఆయన కేక వినిపించింది. "రా! రండి! తొందరగా!"

చేతులు కూడా కడుక్కోకుండా పరిగెత్తాం. పాము పొట్టులోంచి బయటికి వచ్చి, ముక్కుని నీళ్ళ గిన్నె అంచుకి రుద్దుతోంది. పై పెదవి దగ్గర పొర చిట్లింది. ముగ్గురం నేల మీద కూర్చుండిపోయాం. పొర తల మీద నుంచి వెనక్కి మడుచుకుంది, లోపలి నుంచి తడి మెరుపుతో కొత్త తల బయటికి వచ్చింది. అది ముందుకి పాకుతూ ఉంటే తడి పొట్టు కుబుసాన్ని అంటిపెట్టుకుని వెనక్కి లాగుతోంది, కాలి మేజోడు తిరగదీసి విప్పినట్టు. ఎక్కడా చిరగడం లేదు. సగం వచ్చింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని నలిపేస్తున్నారు. తోక దగ్గర ఆగింది. ఒక్కసారి తోక విదిలించింది, వచ్చేసింది.

మాస్టారు కుబుసాన్ని రెండు చేతులా ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకున్నారు. తల దగ్గర వేలితో మెల్లగా విప్పి చూశారు. చిన్న గాజుపెంకుల్లాంటి రెండు కంటి పొరలు, రెండూ ఉన్నాయి.

"నిండుగా ఉంది," అన్నారు. "దీనికి ఇంతకన్నా మంచి చోటు నేనివ్వలేను." మళ్ళీ హాల్లోకి వచ్చి కూర్చుని, తీరిగ్గా, మిగిలిన పాయసం వైపు చెయ్యి చాచారు.

మా ఆయన మాస్టారి ఖాళీ ప్లాస్టిక్ పెట్టెని అప్పటికే తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేశారు.

"రియాద్ చాలా దూరం కదండీ," అన్నారు. "ఎండ ఉండగానే బయల్దేరితే మంచిది."